మ్యాచ్ రోజు మంచం

ఏమీ ఇవ్వకుండా డబ్బు గుంజితే మోసం అంటారు. ఏమీ ఇవ్వబోమని ముందే గోడమీద రాసిపెట్టి, ఆ రాత కిందే కూర్చుని డబ్బు పుచ్చుకుంటే బడ్జెట్ హాస్టల్ అంటారు. మొదటిదానికి జైలుంది. రెండోదానికి లైసెన్సుంది, వెబ్‌సైటుంది, కౌంటర్‌లో కూర్చుని నవ్వే అమ్మాయుంది. అందుకే లోకంలో తెలివైనవాళ్ళంతా రెండోదానికి మళ్ళారు.

ఈ విద్య ఎంత ఎత్తుకి ఎదిగిందో చూడాలనుకునేవాళ్ళు లివర్‌పూల్ వెళ్ళాలి. లైమ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి, ఊరి ఎగువకి ఓ 3 కిలోమీటర్లు పోతే, ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ ఎర్ర ఇటుకల ఇళ్ళ వరసల మధ్య ఆన్‌ఫీల్డ్ స్టేడియం కనిపిస్తుంది. 61 వేల కుర్చీలు. చుట్టూ ఉన్నది మామూలు జనం కాపురాలుండే వాడ, పెద్ద హోటళ్ళుండే చోటు కాదు. అంచేత ఒకప్పుడు ఎవరో సంసారం చేసుకున్న ఇల్లో, మూతపడ్డ పబ్బో చూసుకుని, గదికి పది మంచాలు రెండంతస్తులుగా బిగించి, వీధి తలుపుకి ఎర్రరంగు కొట్టి, “స్టేడియానికి 5 నిమిషాల నడక” అని బోర్డు తగిలిస్తే హాస్టల్ తయారు. ఆ 5 నిమిషాలూ ఎవరి కాళ్ళతో కొలిచారో తెలీదు. బహుశా మహమ్మద్ సలా కాళ్ళు అయ్యుంటాయి.

నేను దిగిన హాస్టల్ పేరు చెప్పను. చెప్పినా మీకు ఒరిగేదేం లేదు, పక్కదీ అంతే. పరుపుకి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. పై మంచం ఆసామి ఇటునుంచి అటు తిరిగాడంటే గదిలో తొమ్మిది మందికీ ఆ కబురు అందుతుంది. పైకెక్కడానికి నిచ్చెన ఉంది, దిగడానికి దేవుడున్నాడు. షవర్‌కి కుళాయి ఉండదు, గోడలో బొత్తాం ఉంటుంది. నొక్కితే నీళ్ళొస్తాయి, పది లెక్కపెట్టేలోపు ఆగిపోతాయి. అంచేత ఒక చెయ్యి ఎప్పుడూ బొత్తాం మీదే ఉంచి, వీపు రుద్దుకునే పని రెండో చేతికి అప్పజెప్పాలి. మరుగుదొడ్లో లైటు మనిషి కదిలితేనే వెలుగుతుంది. కదలకుండా కూర్చోవడమే ఆ గదిలో చేసే పని కనక, లోపల ఎవరూ లేరని తీర్మానించుకుని అది ఆరిపోతుంది. అప్పుడు చీకట్లో కూర్చుని, గోల్ కొట్టినవాడిలా రెండు చేతులూ పైకెత్తి ఊపాలి. ఆ ఊళ్ళో గోల్ కొట్టకుండా అంత సంబరం చేసుకునే చోటు అదొక్కటే.

ఇవన్నీ ఉచితం. డబ్బుతో పనిపడేది లేనివాటి దగ్గర. తువ్వాలు లేదు, కావాలంటే 3 పౌండ్ల అద్దె. లాకర్ ఉంది, తాళంకప్ప లేదు, కావాలంటే కౌంటర్లో కొనుక్కోవాలి. పొద్దున పదింటికి మంచం ఖాళీ చెయ్యాలి, మ్యాచ్ మధ్యాహ్నం మూడింటికి. ఈ మధ్యలో మీ పెట్టె ఎక్కడ పెట్టుకుంటారో వాళ్ళకి బాగా తెలుసు; అందుకే పెట్టె పెట్టుకునే గదికి గంటల లెక్కన రేటు. రాత్రంతా మీరు పడుకున్న మంచం కంటే, పగలు మీ పెట్టె పడుకున్న నేల కొలత ప్రకారం చూస్తే ఖరీదైనది.

తువ్వాలు దగ్గర కాస్త ఆగుదాం. 1948 లండన్ ఒలింపిక్స్‌కి వచ్చిన క్రీడాకారుల్ని తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకోమన్నారు. యుద్ధం ముగిసి మూడేళ్ళు. దేశంలో ఇంకా రేషన్. కొత్తగా క్రీడాగ్రామం కట్టే స్తోమత లేక మగవాళ్ళని సైనిక శిబిరాల్లో పడుకోబెట్టారు. లేదు కాబట్టి లేదన్నారు, అంతే. అదే ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టు ఫ్రాన్స్ మీద చాలామటుకు వట్టి కాళ్ళతో ఆడి 2–1 తేడాతో ఓడింది. హంగులు లేని ఆట అంటే అదీ. ఆ కాళ్ళకి ఎవరూ విడిగా బిల్లు వెయ్యలేదు. ఇప్పుడు యుద్ధం లేదు, రేషన్ లేదు, తువ్వాళ్ళు కౌంటర్ వెనక బీరువాలో చక్కగా మడతపెట్టి పేర్చి ఉన్నాయి. మన కళ్ళకి కనపడేట్టే ఉన్నాయి. లేమిని ఇప్పుడు దగ్గరుండి తయారు చెయ్యాల్సి వస్తోంది.

అసలు హాస్టల్ అనే ఆలోచన పుట్టింది ఇందుకు కాదు. 1909లో రిచర్డ్ షిర్మన్ అనే జర్మన్ బడిపంతులు పిల్లల్ని వెంటేసుకుని నడకయాత్రకి పోతూ గాలివానలో చిక్కుకున్నాడు. ఒక పల్లెటూరి బడిలో తలదాచుకున్నారు. సెలవుల్లో ఖాళీగా పడుండే బడులన్నీ ఇలా పిల్లలకి పడకలైతే ఎంత బావుండునని ఆ రాత్రి ఆయనకి తోచింది. 1912కల్లా ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ వెలిసింది. 1930లో ఇంగ్లండ్, వేల్స్‌లకి యూత్ హాస్టళ్ళ సంఘం వైహెచ్ఏ వచ్చింది. వాళ్ళూ హంగులేం ఇవ్వలేదు. పొద్దున్నే లేచి మన పక్క మనమే సర్దుకుని, గది ఊడ్చి, గిన్నెలు తోమి మరీ బయల్దేరాలి. అయితేనేం, మిల్లుల్లో, గుమాస్తా కొలువుల్లో నలిగేవాళ్ళు వారాంతంలో కొండా కోనా చూసి రాగలిగారు. వాళ్ళు హంగులు తీసేసి ఆ మిగులు బాటసారికిచ్చారు. వీళ్ళు హంగులు తీసేసి ఆ మిగులు తమ దగ్గరే ఉంచుకున్నారు. తేడా అంతే, చాలా చిన్నది.

మధ్యలో విమానాలవాళ్ళు కూడా కొంత పాఠం చెప్పారనుకోండి. చవక విమానాల పెద్దమనిషి, ర్యాన్‌ఎయిర్ అధిపతి మైకేల్ ఓలియరీ 2009లో, విమానంలో మరుగుదొడ్డికి 1 పౌండు వసూలు చేస్తే ఎలా ఉంటుందా అని బాహాటంగానే ఆలోచించాడు. అంతకు ముందే, 2005లో, లండన్‌లో తెరిచిన ఈజీహోటల్‌లో కిటికీ లేని గదికి ఒక రేటు, కిటికీ ఉన్నదానికి ఒక రేటు. టీవీ చూడాలంటే మళ్ళీ వేరే డబ్బు. మరుగుదొడ్డి వసూలు మాటగానే మిగిలిపోయింది. తక్కినదంతా బడ్జెట్ లోకానికి ధర్మశాస్త్రం అయింది.

ఇక అసలు విషయానికొస్తాను. ఆన్‌ఫీల్డ్ పక్కన నేను పడుకున్న మంచం మంగళవారం రాత్రి 18 పౌండ్లు. అదే మంచం, అదే ప్లాస్టిక్ తొడుగు, అదే పై మంచం ఆసామి, మ్యాచ్ ఉన్న శనివారం రాత్రి 95 పౌండ్లు. పైగా శనివారం ఒక్కటే ఇవ్వరు, శుక్రవారం కూడా కలిపి కొనాలి. పాపం, ఆ మంచానికేం తెలుసు శనివారమని? దానికి కొత్త స్ప్రింగులేం మొలవలేదు. దుప్పటి పొడుగు పెరగలేదు, అప్పుడూ పాదాలు బయటే. పెరిగిందల్లా మీ అవసరం. ఆ అవసరాన్ని కనిపెట్టడానికి ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. ఏ రోజు ఎవరితో మ్యాచ్, ఎన్ని మంచాలు మిగిలాయి, ఎంతమంది వెతుకుతున్నారు అని అది నిద్రాహారాలు మాని చూస్తూ ఉంటుంది. ఆ హాస్టల్లో ప్రశాంతంగా పనిచేసేది అదొక్కటే. యూరప్ పోటీలకి డ్రా తీసి, లివర్‌పూల్ ఎదురుగా ఏదో పెద్ద జట్టు పేరున్న చీటీ తెరిచారంటే, ఆ చీటీ బల్లమీద పెట్టేలోపు మంచం రేటు లేచి కూర్చుంటుంది. ఫుట్‌బాలే అక్కర్లేదు. 2024 జూన్‌లో టేలర్ స్విఫ్ట్ ఆన్‌ఫీల్డ్‌లో 3 రాత్రులు పాడింది. సాఫ్ట్‌వేర్‌కి బంతీ పాటా రెండూ ఒకటే, అంతటి స్థితప్రజ్ఞత మన స్వాములకే రాలేదు.

మనకి ఇదేం కొత్త కాదని మీరనవచ్చు. సంక్రాంతికి హైదరాబాదు నుంచి విశాఖకి ప్రైవేటు ట్రావెల్స్ వాడి టికెట్ కొన్నవాళ్ళకి నేను చెప్పేదేముంది! కానీ మన ట్రావెల్స్ వాడిలో కొంచెం బెరుకుంటుంది. పండగ ముందు రవాణా శాఖవాళ్ళు రోడ్డుమీద నిలబడి నాలుగు బస్సులు ఆపుతారని, పేపర్లో ఫొటో పడుతుందని లోపల ఎక్కడో దడ ఉంటుంది. అక్కడ ఆ దడ కూడా లేదు. దోపిడీకి అక్కడ ఒక శాస్త్రీయ నామం పెట్టి, యూనివర్సిటీలో సబ్జెక్టు చేసి, డైనమిక్ ప్రైసింగ్ అని పరీక్షల్లో ప్రశ్నగా ఇస్తారు. దాన్ని చదవడానికి మన పిల్లలు లక్షలకి లక్షలు అప్పుచేసి వెళ్తారు.

ఈ హాస్టల్ వాళ్ళకి జీతం తీసుకోని దళారీ ఒకడున్నాడు. వాడి పేరు టీవీ. ఇంగ్లిష్ లీగు మ్యాచ్‌ల పట్టిక జూన్‌లో వస్తుంది. అభిమాని చూసుకుంటాడు: శనివారం మూడింటికి మ్యాచ్, ఐదింటికి అయిపోతుంది, సాయంత్రం రైలెక్కి ఇంటికి పోవచ్చు. లేదా ఆ రాత్రికి మంచం బుక్ చేసుకుంటాడు, చవగ్గా దొరుకుతుందని డబ్బు తిరిగివ్వని రకం. తర్వాత కొన్నాళ్ళకి టీవీవాళ్ళు వచ్చి, ఈ మ్యాచ్ మాకు కావాలి, సోమవారం రాత్రి ఎనిమిదింటికి ఆడండి అంటారు. మ్యాచ్ కదులుతుంది. రైలు టికెట్ కదలదు. మంచం అసలే కదలదు. సోమవారం రాత్రి పదింటికి ఆట అయ్యేసరికి లండన్ వెళ్ళే ఆఖరి రైలు వెళ్ళిపోయి ఉంటుంది. అంచేత శనివారం మంచం డబ్బు గోదాట్లో పోసుకుని, సోమవారం మంచం కొత్త రేటుకి కొనాలి. ఒకే మ్యాచ్‌కి రెండు మంచాలు. అభిమాని పడుకునేది ఒకదానిమీదే, డబ్బు రెండిటిమీదా పడుకుంటుంది.

టీవీ మాట వచ్చింది కనక ఇదీ చెప్పాలి. శనివారం మధ్యాహ్నం మూడింటి మ్యాచ్‌లు ఇంగ్లండ్‌లో టీవీలో చూపించరు. చిన్న క్లబ్బుల మైదానాలు ఖాళీ అయిపోతాయని 1960ల నుంచీ ఉన్న ఏర్పాటది. మంచి ఉద్దేశమే. కానీ బయటి దేశాలకి ఆ నిషేధం లేదు. అంటే ఆన్‌ఫీల్డ్ గోడకి ఆనుకుని కాపురముండే ముసలాయన తన ఇంట్లో కూర్చుని ఆ మ్యాచ్ చూడలేడు. గుంటూరు కుర్రాడు రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో మంచం మీద పడుకుని ఫోన్లో చూసేస్తాడు, మంచానికి ఒక్క పౌండు కట్టకుండా. స్టేడియానికి దగ్గరైన కొద్దీ ఆట దూరమవుతుందనే ఈ సూత్రం నాకు ఆ హాస్టల్లో ఉండగానే బోధపడింది.

పాపం హాస్టల్ వాళ్ళని ఆడిపోసుకోవడం దేనికి? ఆ గడ్డ గుణమే అంత. లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్ పుట్టిందే అద్దె తగాదాలో.

ఆన్‌ఫీల్డ్‌లో మొదట ఆడింది లివర్‌పూల్ కాదు, ఎవర్టన్. 1884 నుంచి అక్కడ ఆడుతున్నారు. ఆ స్థలానికి యజమానిగా వచ్చినవాడు జాన్ హౌల్డింగ్. బీరు వ్యాపారి, రాజకీయ నాయకుడు, తర్వాత నగరానికి లార్డ్ మేయర్ కూడా అయ్యాడు. జనం ఆయన్ని ఎవర్టన్ రాజు జాన్ అనేవారు. ఈ రాజుగారికి మైదానం దగ్గరే శాండన్ అనే హోటల్ ఉండేది. ఆటగాళ్ళు బట్టలు మార్చుకునేది ఆ హోటల్లోనే. ప్రేక్షకులకి తినడానికీ తాగడానికీ అమ్మే హక్కు కూడా ఆయనదే. జట్టు పైకొస్తున్న కొద్దీ అద్దె పైకొచ్చింది; 100 పౌండ్లతో మొదలై కొన్నేళ్ళలో 250 పౌండ్లయింది. 1891లో ఎవర్టన్ లీగు గెలిచింది. గెలుపు కన్నా అద్దెకి మంచి ముహూర్తం ఏముంటుంది! తగాదా ముదిరింది, స్థలం మీరే కొనుక్కోండి, ధర నేను చెబుతానన్నాడు రాజుగారు. 1892లో ఎవర్టన్ వాళ్ళు మూటాముల్లె సర్దుకుని, స్టాన్లీ పార్క్ దాటి అవతల గూడిసన్ పార్క్ కట్టుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు హౌల్డింగ్ చేతిలో ఏం మిగిలింది? ఖాళీ మైదానం. ఇల్లు ఖాళీ అయితే మామూలు యజమాని ఏం చేస్తాడు, టు-లెట్ బోర్డు పెడతాడు. హౌల్డింగ్ మామూలువాడు కాదు. అద్దెకి జట్టు దొరక్కపోతే జట్టునే పుట్టిస్తానన్నాడు. ముందు ఎవర్టన్ అనే పేరే తన దగ్గర ఉంచుకోవాలని చూశాడు, లీగువాళ్ళు కుదరదన్నారు. అప్పుడు 1892 మార్చిలో లివర్‌పూల్ అని కొత్త క్లబ్బు పెట్టాడు. ఇవాళ ప్రపంచమంతా ఎర్ర చొక్కాలు తొడుక్కుని ఎవరికోసం ఏడుస్తున్నారో, ఆ మహాసంస్థ మొదట్లో ఒక ఖాళీ స్థలాన్ని నింపడానికి తయారుచేసిన కిరాయిదారు. అలాంటి చోట, అద్దె ముందు పుట్టి ఆట తర్వాత పుట్టిన చోట, మంచం 95 పౌండ్లంటే ఆశ్చర్యపోవడం చరిత్ర తెలియకపోవడమే. శాండన్ మెట్లమీద రాజుగారు కూర్చుని ఉంటే ఆ రేటు విని, ఇంత తక్కువా అని బాధపడేవాడు.

అభిమానులు ఎదురు తిరగలేదా అంటే, తిరిగారు. 2016 ఫిబ్రవరిలో, కొత్త మెయిన్ స్టాండ్‌లో ఖరీదైన టికెట్టు 77 పౌండ్లని క్లబ్బు ప్రకటించింది. సండర్లాండ్‌తో మ్యాచ్ నాడు సరిగ్గా 77వ నిమిషంలో వేలమంది లేచి బయటికి నడిచారు. అప్పటికి లివర్‌పూల్ 2–0 ఆధిక్యంలో ఉంది. వాళ్ళు అలా వెళ్ళారో లేదో, సండర్లాండ్ రెండు గోల్స్ కొట్టి సమం చేసింది. నాలుగు రోజుల్లో యజమానులు క్షమాపణ చెప్పి ఆ రేటు వెనక్కి తీసుకున్నారు. గొప్ప విజయం, కాదనను. అయితే ఆ సాయంత్రం లేచి నడిచిన వేలమందిలో దూరాభారం నుంచి వచ్చినవాళ్ళు ఎక్కడికి నడిచి ఉంటారు? హాస్టల్‌కే. అక్కడ 77వ నిమిషం అంటూ ఉండదు. అర్ధరాత్రి మంచం దిగి నిరసనగా వీధిలోకి నడిస్తే, ఆ మంచం ఇంకొకడికి ఇస్తారు, మళ్ళీ అదే రేటుకి.

అదే స్టాండ్ పెంచడానికి చోటు కావాలి కనక, చుట్టుపక్కల ఇళ్ళు కొని ఏళ్ళ తరబడి ఖాళీగా ఉంచారు. తలుపులకీ కిటికీలకీ ఇనప రేకులు కొట్టిన ఇళ్ళ మధ్య, మిగిలినవాళ్ళు కాపురాలు చేశారు. తర్వాత వాటిలో చాలామటుకు కూలగొట్టారు. మనుషులుండటానికి ఇళ్ళున్న వీధిలో మనుషులు లేకుండా చేశారు. ఇప్పుడు అక్కడే ఒక్క రాత్రి పడుకోవడానికి వచ్చినవాడికి మంచం దొరకడం లేదు. ఈ రెంటినీ కలిపి చూడొద్దు, చూస్తే నగరాభివృద్ధి అర్థం కాదు. ఎవర్టన్ వాళ్ళు కూడా 2025లో రేవు ఒడ్డున కొత్త స్టేడియానికి వెళ్ళిపోయారు. అంతకు ముందే, 2021లో, రేవు ప్రాంతంలో ఈ స్టేడియంతో సహా కడుతున్న, కట్టబోతున్న కట్టడాలు చూసి యునెస్కో ఆ నగరానికి ప్రపంచ వారసత్వ హోదా తీసేసింది. పోతే పోయింది. వారసత్వానికి మ్యాచ్ రోజు రేటు ఉండదు.

వంటింటి సంగతి చెప్పకపోతే కథ పూర్తికాదు. ఎందుకంటే ఒక నల్గొండ పిల్లవాడు నాకు పరిచయమైంది అక్కడే. ఎమ్మెస్సీ చదువుతున్నాడు. పప్పు ఉడికించుకుని, నూనె కాగబెట్టి, ఎండుమిరపకాయ వేశాడో లేదో, ఫైర్ అలారం మోగి హాస్టల్ జనమంతా చెడ్డీల్లో వీధిలోకొచ్చి నిలబడ్డాం. పిల్లవాడు సిగ్గుతో చచ్చిపోయాడు. నేను మాత్రం ఆ తాలింపు వాసన ఆన్‌ఫీల్డ్ గాలిలో కలవడం చూసి కొంచెం గర్వపడ్డాను, ఎవరితోనూ అనలేదు.

“రేపు పొద్దుగాల ఖాళీ చెయ్యాలంకుల్. శనివారం మ్యాచ్ ఉంది,” అన్నాడు గిన్నె కడుగుతూ.

“నువ్వు ఆ స్టేడియంలోనే కదా పని చేసేది?”

“అందుకే గదంకుల్. ఆడ పని ఉన్ననాడే ఈడ పండనీకి ఉండదు.”

వాడి లెక్క నేను వేశాను. స్టేడియం లోపల, కాప్ స్టాండ్ కింద, మాంసం కూరిన పైలూ బీర్లూ అమ్మే కొట్లో పని. ఆరు గంటల షిఫ్టు, గంటకి 12 పౌండ్ల చిల్లర, అప్పటి కనీస వేతనం. మొత్తం కలిపి 73 పౌండ్లు. మంచం 95. అంటే స్టేడియంలో పొద్దుపోయేదాకా నిలబడి సంపాదించిన దానితో, స్టేడియం పక్కన ఆ రాత్రి పడుకోలేడు. పడుకోవాలంటే ఇంకో రెండు గంటలు నిలబడాలి. అదీ అన్నివేళలా కుదరదు, స్టూడెంట్ వీసా మీద చదువు రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు.

“మ్యాచ్ చూస్తావా మరి?”

“ఏడ సూస్తం! కౌంటరు లోపలి దిక్కుంటది. లొల్లి ఇనపడితే గోల్ అయిందని తెలుస్తది. ఎవ్వరు కొట్టిన్రో కస్టమర్‌ను అడుగుత.”

ఆట కనపడే చోట మందు తాగకూడదని 1985 నుంచి అక్కడ చట్టం. అంచేత హాఫ్‌టైమ్ అవ్వగానే వేలమంది ఒక్కసారి స్టాండ్ కిందికి విరగబడతారు. ఆ పావుగంటలో పిల్లవాడికి ఊపిరాడదు. మళ్ళీ ఆట మొదలవగానే అందరూ మాయం. వాడు ట్రేలు సర్దుకుంటూ పైకప్పు వైపు చూస్తాడట. పైన 12 వేలమంది నిలబడి తొక్కుతున్న చప్పుడు.

ఆ స్టాండ్‌కి కాప్ అని పేరెలా వచ్చిందో వాడికి నేను చెప్పాను. దక్షిణాఫ్రికాలో స్పియాన్ కాప్ అనే గుట్ట ఉంది. 1900 జనవరిలో బోయర్ యుద్ధంలో అక్కడ బ్రిటిష్ సైన్యం చావుదెబ్బ తింది. లాంకషైర్ దళాల కుర్రాళ్ళు చాలామంది పోయారు. 1906లో ఆన్‌ఫీల్డ్‌లో వేసిన ఎత్తైన మట్టికట్టకి ఆ గుట్ట పేరు పెట్టారు. ఆ గుట్ట దగ్గర గాయపడ్డవాళ్ళని డోలీల్లో మోసుకొచ్చినవాళ్ళలో గాంధీ కూర్చిన భారతీయ సేవాదళం కూడా ఉంది. పిల్లవాడు శ్రద్ధగా విన్నాడు. “అంటే కాప్ కింద మనోళ్ళు మోసుడు అప్పటిసంది ఉన్నదే అన్నమాట,” అన్నాడు. నేను ఇంత పొడుగు వ్యాసం రాస్తున్నానా, వాడు ఆ ఒక్క ముక్కలో తేల్చేశాడు.

ఇల్లు అద్దెకి తీసుకోవచ్చు కదా అంటారు మీరు. తీసుకోవాలంటే ఆ దేశంలో ఉద్యోగమున్న మనిషి జామీను నిలబడాలన్నారు, లేదంటే నెలల అద్దె ముందే పొయ్యాలన్నారు. వాడితో పరాయిదేశం వాడివి కదా అన్నారు. పోనీ హాస్టల్లోనే నెట్టుకొద్దామంటే, ఈమధ్య డ్రైవింగ్ లైసెన్సు తీసుకున్నాడు, దానిమీద పాత గది అడ్రసు పడింది, ఎల్ అక్షరంతో మొదలయ్యే లివర్‌పూల్ పోస్ట్‌కోడ్. ఇంకో హాస్టల్ కౌంటర్లో అది చూపిస్తే, సారీ, లోకల్ వాళ్ళకి మంచాలివ్వం, అది మా పాలసీ అన్నారు. ఊళ్ళోవాళ్ళొస్తే తాగి గొడవ చేస్తారని ఇలాంటి రూలు చాలాచోట్ల ఉంది. ఇంటివాడి దగ్గర పరాయివాడు, హాస్టల్ దగ్గర ఊరివాడు. ఒకే మనిషికి ఒకే వారంలో ఈ రెండు పౌరసత్వాలూ ఇచ్చి రెండుచోట్లా గెంటెయ్యడం బ్రిటిష్ సామ్రాజ్యం కూడా చెయ్యలేకపోయిన పని.

“మరి రేపు ఎక్కడుంటావురా?”

“దోస్తు రూముల, వాల్టన్ దిక్కు. ఆల్రెడీ నలుగురున్నరు. కిందేసుకుని పంట. ఐదోవాడున్నడని ఓనర్‌కు తెల్వొద్దంతే.”

ఇది ఒక్క లివర్‌పూల్ జబ్బని అనుకోకండి. 2022లో ఖతార్‌లో ప్రపంచకప్ జరిగినప్పుడు అభిమానులకి ఎడారిలో డబ్బాల్లాంటి గదులు వేసి రాత్రికి 200 డాలర్ల పైచిలుకు తీసుకున్నారు. అంతకు ముందు పదేళ్ళుగా కరీంనగర్ నుంచీ నిజామాబాద్ నుంచీ వెళ్ళినవాళ్ళు అదే ఎడారిలో లేబర్ క్యాంపుల్లో గదికి ఇంతమందని సర్దుకుని పడుకున్నారు. ఆ అనుభవానికి ఇంత గిరాకీ ఉందని వాళ్ళకెవరూ చెప్పలేదు. 2026 ప్రపంచకప్‌కైతే ఫిఫానే స్వయంగా టికెట్లకి డైనమిక్ ప్రైసింగ్ పెట్టింది. హాస్టల్ వాడు స్టేడియాన్ని చూసి నేర్చుకున్నాడని ఇన్నాళ్ళూ అనుకున్నాం, స్టేడియమే హాస్టల్‌ని చూసి నేర్చుకుంది.

నాకు ఈ వ్యాపారం మీద ద్వేషం లేదు. పైగా వాళ్ళ చేతకానితనం చూస్తే జాలేస్తోంది. సంపాదించగలిగి కూడా వదులుకుంటున్నది ఎంత! నిచ్చెనకి మెట్టుకింత అని రేటు పెట్టొచ్చు. దిగేటప్పుడు రిటర్న్ టికెట్ మీద పది శాతం తగ్గింపు. గురకని రెండువైపులా అమ్మొచ్చు: గురకపెట్టేవాడి దగ్గర చప్పుడు లైసెన్సు, వినేవాడి దగ్గర వినోదపు పన్ను. మరుగుదొడ్లో లైటు వెలగడానికి చేతులూపే సేవ ప్రస్తుతం ఉచితంగా సాగుతోంది, ఇది దారుణమైన నష్టం. తాలింపుకి ముందస్తు అనుమతి రుసుము, అలారం మోగితే వీధిలో నిలబడ్డందుకు నిలుచునే చోటు టికెట్టు. అన్నిటికన్నా ముఖ్యం, మ్యాచ్ అయ్యాక స్కోరు తెలుస్తుంది కదా, అయినా రేటు పాతదే ఉంచుతున్నారు. గెలిచినవాళ్ళు ఆనందంలో ఎంతైనా ఇస్తారు, వాళ్ళ దగ్గర సంబరపు సెస్సు తీసుకోవాలి. ఓడినవాళ్ళకి మళ్ళీ ఊరెళ్ళే ఓపిక ఉండదు, ఎంతన్నా కట్టి పడుకుంటారు, వాళ్ళ దగ్గర ఓదార్పు ఛార్జి. డ్రా అయితే ఎవరి దగ్గర తీసుకోవాలన్న సందేహం అక్కర్లేదు. ఇద్దరి దగ్గరా, రెండూ.